లీటరు ధర కాదు, కిలోమీటరు ఖర్చు చూడండి

2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ మార్కెట్లో క్రూడ్ ఆయిల్ బాగా పడిపోయింది. మన బంకుల్లో రేటు మాత్రం తగ్గలేదు. సరిగ్గా అప్పుడే కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని లీటరుకు 2 రూపాయలు పెంచింది. మనకు దక్కాల్సిన తగ్గింపులో అంత భాగం ఖజానాకు వెళ్లింది.

ఆ సుంకం కలిపిన ధర మీద తెలంగాణ 35.2 శాతం వ్యాట్ వేస్తుంది. అంటే పన్ను మీద పన్ను. ఏపీలో వ్యాట్ 31 శాతమే, కానీ దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. రెండు రాష్ట్రాలకూ ఇది పెద్ద ఆదాయం, కాబట్టి పెట్రోల్ జీఎస్టీలోకి వస్తుందని ఆశ పెట్టుకుని కూర్చోవడం వేస్ట్.

మరి మన చేతిలో ఏముంది? లెక్క. "వెయ్యి రూపాయలది కొట్టు భాయ్" అని పోయించుకుంటే కారు ఎంత తాగుతోందో ఎప్పటికీ తెలీదు. ఒకసారి ట్యాంక్ ఫుల్ చేయించి మీటర్ రీడింగ్ రాసుకోండి. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను అప్పుడు పట్టిన లీటర్లతో భాగించండి. కంపెనీ చెప్పిన మైలేజీ కాదు, మీ అసలు మైలేజీ అదే.

స్కూల్ ఇంటికి 4 కిలోమీటర్లు అనుకుందాం. పొద్దున, సాయంత్రం పోయి రావడానికి రోజుకు 16, నెలలో 24 రోజులకు 384 కిలోమీటర్లు. కారు 12 ఇస్తే 32 లీటర్లు. 2025 నాటి హైదరాబాద్ రేటు 107 రూపాయల 50 పైసల చొప్పున 3,440 రూపాయలు. అదే 15 ఇస్తే 2,752. తేడా 688 రూపాయలు, ట్యూషన్ ఫీజులో కొంతైనా వస్తుంది. పక్కింటి పిల్లలనూ ఎక్కించుకుని వంతులవారీగా దింపితే ఖర్చు ఏకంగా సగమవుతుంది. ఇంత మిగిల్చే చిట్కా ఇంకోటి నాకు కనిపించలేదు.

టైర్లలో గాలి సరిచూడటం, గేటు ముందు ఇంజన్ ఆన్‌లో పెట్టి ఎదురుచూడకపోవడం ఎలాగూ తెలిసినవే.

పాత కార్లున్నవాళ్లు ఇంకోటి గమనించాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో అలాంటి కార్లలో మైలేజీ 6-7 శాతం తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ రోడ్‌మ్యాపే అంచనా వేసింది. రేటు మారకపోయినా కిలోమీటరు ఖర్చు పెరిగినట్టే. మీ కారులో ఎంత పెరిగిందో ఆ ఫుల్ ట్యాంక్ లెక్కలోనే బయటపడుతుంది.