ఇంటిముచ్చట: కొత్త యింట్లో గాలి

గత మాసం ఒక ఆదివారం ప్రొద్దున్నే మన వాడకట్టు పెద్దమనిషి ఒకరు మా యింటికి వచ్చినారు. ఛాయ త్రాగడం, లోకాభిరామాయణం అయిన తర్వాత గొంతు తగ్గించి, "అప్పట్ల మీ యింటికొచ్చిన మంత్రగాడు ఎక్కడుంటడు? అడ్రసున్నదా?" అని అడిగినారు. వారు ఈమధ్యనే యిల్లు కొనుక్కొని చేరినారు. చేరిన నెలకే కోడలికి గాలి సోకిందట. రాత్రిళ్ళు వేరే గొంతుతో మాట్లాడుతున్నదట.

మాకు కాసేపు నోట మాట రాలేదు. ఆ మంత్రగాడు మా గడప త్రొక్కిన సంగతి వాడకట్టులో యింకా గుర్తున్నదని తెలిసి సిగ్గువేసింది. ఈ శీర్షిక క్రింద పిల్లల చదువుల గూర్చి, పెండ్లి ఖర్చుల గూర్చి, నూలు ధరల గూర్చి ఎన్నో వ్రాసినాము గాని, యిది మాత్రం దాచుకున్నాము. ఈ నెల వ్రాస్తున్నాము. మా మరదలిని అడిగే వ్రాస్తున్నాము. "రాయిండ్రి బావా. నా పేరు వద్దు. మిర్చి పొగ సంగతి మాత్రం విడువకుండ్రి" అన్నది.

2014లో సాఖర్ పేఠ చాళ్‌లోని రెండు గదులు విడిచి, అక్కల్‌కోట్ రోడ్డు వైపు సొంత యింట్లో చేరినాము. మాది గుమాస్తా ఉద్యోగం, చదువు మెట్రిక్ వరకే. తమ్ముడు కార్ఖానాలో చద్దర్ల సాంచాలు నడుపుతాడు. అతనిది తరచు రాత్రిపాళీ. ఆడవాళ్ళిద్దరూ బీడీలు చుట్టేవారు. అందరి కష్టం, ఆపైన బ్యాంకు అప్పు కలిస్తే వచ్చిన యిల్లు అది. పాలు పొంగించినాము. మార్కండేయుని గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చినాము. సిరిసిల్ల నుంచి మా మేనత్త వచ్చి నెల రోజులు ఉన్నది.

నెల తిరగకముందే వంటింట్లో గిన్నెలు వాటంతట అవే మ్రోగడం మొదలయింది. అర్ధరాత్రి దాటిన తర్వాత సన్నగా, ఎవరో గోటితో మీటినట్లు. దీపం వేసి చూస్తే ఎవరూ లేరు. ఆ యిల్లు అమ్మినవారి ముసలమ్మ ఆ వెనుక గదిలోనే కన్నుమూసిందని పొరుగువారు చెప్పినారు. ఇక చూడండి! పిల్లలు ఆ గదిలోకి పోవడం మానుకున్నారు. పెద్దలం పోతున్నాము గాని, లోపల గుండె దడదడలాడుతూనే వున్నది. ఆ గది మా తమ్ముడి కాపురానికి యిచ్చిన గది.

ఒక అమావాస్య ముందు రాత్రి మా మరదలు లేచి కూర్చున్నది. ఎన్నడూ మా ముందర తలయెత్తి మాట్లాడని పిల్ల కండ్లు ఎర్రజేసి, "ఏరా! నా యింట్ల మీకేం పని? నన్ను మా యింటికి తోలియ్యిండ్రి. లేకుంటె ఒక్కొక్కన్ని తీస్కపోత" అన్నది. ముసలమ్మ గొంతు. అని, పడిపోయింది. తెల్లవారి అడిగితే ఏమీ తెలియదన్నది. మళ్ళీ నాలుగు రోజులకు అదే మాట. తన యింట్లోనే తానున్న దయ్యం, "మా యింటికి తోలియ్యిండ్రి" అనడమేమిటి అన్న ప్రశ్న మాకు ఆనాడు తోచలేదు. లెక్కల పుస్తకంలో ఒక్క పైసా తేడా వస్తే రాత్రంతా వెతికే గుమాస్తాలం, ఈ తేడాను మాత్రం చూడలేదు.

నైజాం యిలాకాలోని బాణామతి కథలు మన పెద్దలు మగ్గాలతోపాటే యిక్కడికి మోసుకొచ్చినారు. ఇటు మరాఠ్వాడా వారికీ ఆ భయమే, ఆ పేరే. కాబట్టి మంత్రగాడు దొరకడం కష్టం కాలేదు. ఒకతను వచ్చి బియ్యం గింజలు లెక్కబెట్టి, "హిలా బాహేర్‌చీ బాధా ఆహే" అన్నాడు. మా మేనత్తకు మరాఠీ రాదు. ఆ ఒక్క మాట పట్టుకొని, "బాధ లేక ఏముంటది నాయినా! కడుపుల పిండం పోయి మూన్నెల్లు కాలే. మొగడు రాత్రంత సాంచల కాడ. పక్కింటోళ్ళ భాష దీనికి రాదు. దీని బాధ ఎవరడిగిండ్రు?" అన్నది. అంత భయంలోనూ మేమంతా నవ్వినాము. మరాఠీలో 'బాధా' అంటే దయ్యపు పీడ అనీ, తెలుగులో 'బాధ' అంటే దుఃఖమనీ, అత్తమ్మ పొరబడిందనీ అనుకున్నాము. పొరబడినది అత్తమ్మ కాదు. రెండు భాషలూ వచ్చునని గర్వపడే మేము.

మొదటి రోజు నిమ్మకాయలతో సరిపోయింది. రెండవ రోజు తలుపులు మూయించి, కుంపటిలో ఎండుమిరపకాయలు వేయించినాడు. ఆ పిల్ల తలమీదుగా చద్దరు కప్పమన్నాడు. మా తమ్ముడు నేసిన చద్దరే అది. పెనుగులాడుతుంటే చేతులు పట్టుకోమన్నాడు. తమ్ముని భార్యను బావ చేయి తాకని యిండ్లు మనవి. ఆనాడు మేమే ఆ చేతులు పట్టుకున్నాము. ఈ వాక్యం వ్రాయడానికి మాకు యిన్నేండ్లు పట్టింది.

తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయి తలుపు తోసుకొని వచ్చి, బిందెడు నీళ్ళు కుంపటిలో గ్రుమ్మరించింది. "చిన్నమ్మ సచ్చిపోతది బాపూ! ఇది నేరం. మా సార్ చెప్పిండు, చట్టమొచ్చింది" అని అరిచింది. మంత్రగాడు దక్షిణ సగమైనా యిమ్మని తగాదాపడి, తీసుకొనే వెళ్ళినాడు.

మరునాడు సర్కారు దవాఖానాకు పోయినాము. ముందు కండ్లకూ, ఊపిరికీ మందు యిచ్చినారు. రక్తం చూస్తే, ఉండవలసినదానికంటె చాలా తక్కువ. తర్వాత మనసు జబ్బుల డాక్టరమ్మ దగ్గరికి పంపినారు. ఆమె మమ్మల్నందరినీ బయటికి వెళ్ళమన్నది. మన తెలుగు నర్సు ఒకామెను దుబాసీగా పెట్టుకొని అరగంట మాట్లాడింది. ఆ కొత్త యిల్లు చేరిన తర్వాత మా మరదలిని ఒకరు కూర్చోబెట్టి "నీకేమయింది?" అని అడగడం అదే మొదటిసారి.

పోయిన పిండం గూర్చి ఎవరూ ఆమె ముందర మాట్లాడలేదు. ఏడిస్తే యింటికి అరిష్టమన్నాము. గృహప్రవేశపు పనుల్లో పుట్టింటికి పంపలేదు. చాళ్‌లో వున్నప్పుడు నలుగురు తెలుగు ఆడవాళ్ళ మధ్య చాట ముందు పెట్టుకొని, మాట్లాడుకుంటూ బీడీలు చుట్టేది. ఇక్కడ నాలుగు గోడల మధ్య రోజుకు వెయ్యి బీడీలు. డాక్టరమ్మ మాతో, "ఇది నటన కాదు, దయ్యమూ కాదు. మోయలేని దుఃఖాన్ని మనసు ఒక్కోసారి వేరే మనిషి చేసి మాట్లాడిస్తుంది" అన్నది. కొన్ని నెలలు మందులు, రక్తానికి మాత్రలు, రెండు నెలలు పుట్టింట్లో విశ్రాంతి. దయ్యం అడిగినదీ అదే గదా, "మా యింటికి తోలియ్యిండ్రి" అని!

గిన్నెల సంగతి మా తమ్ముడు తేల్చినాడు. సెలవుపెట్టి యింట్లో పడుకున్న రాత్రి గోడకు చెవి ఆనించి, "ఇవి సాంచాలు" అన్నాడు. వెనుక సందులోని కార్ఖానాలో రాత్రిపాళీ కొత్తగా మొదలయిందట. సాంచాల చప్పుడు పుట్టినప్పటినుంచి వింటున్న మన చెవులకు అది చప్పుడే కాదు, కాబట్టి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. గిన్నెల బల్ల ఆ వెనుక గోడకే బిగించి వున్నది. కార్ఖానాకు సుట్టీ వున్న రాత్రి కాపలా కాస్తే గిన్నె కదలలేదు. వారానికొకరోజు సెలవు తీసుకునే దయ్యాన్ని అప్పుడే చూసినాము. బల్ల క్రింద రబ్బరు ముక్కలు పెట్టినాము, తీరిపోయింది.

ఇది మన ఒక్కరి అజ్ఞానమే కాదు. అమెరికాలో 1912లో ఒక కుటుంబం పాత భవనంలో కాపురం చేరింది. మేడమీద అడుగుల చప్పుళ్ళు, ఎవరో పక్కన నిలబడినట్లు తోచడం, పిల్లలు పాలిపోవడం, కుండీలలో మొక్కలు వాడిపోవడం. తీరా చూస్తే, యిల్లు వెచ్చబరిచే కొలిమి చెడిపోయి, దాని విషవాయువు గదుల్లోకి వస్తున్నది. అది బాగుచేయించిన తర్వాత దయ్యాలు లేవు. విల్మర్ అనే కంటి డాక్టరు 1921లో ఒక వైద్యపత్రికలో యీ వృత్తాంతం ప్రకటించినాడు. ఆ వాయువు పేరు కార్బన్ మోనాక్సైడ్. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెడితే వచ్చేదీ అదే. అనగా, దయ్యాన్ని వదిలించే పేరుతో మేమే దాన్ని యింట్లోకి పిలిచినామన్నమాట.

మలేషియాలో పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఎలక్ట్రానిక్ కర్మాగారాలలో చేరిన కాలంలోనూ యిట్లాగే జరిగింది. 1975లో సుంగైవే అనే చోట ఒక కర్మాగారంలో 40 మంది పనిపిల్లలకు పూనకం వచ్చింది. 1978లో మళ్ళీ పెద్దయెత్తున వస్తే కర్మాగారం మూడు రోజులు మూసి, మంత్రగాణ్ణి పిలిపించి మేకను కోయించినారు. ఐహ్వా ఓంగ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లల గూర్చి 1987లో గ్రంథం వ్రాసింది. గంటల తరబడి సూక్ష్మదర్శినిలో కండ్లు పెట్టి పని, పైన అజమాయిషీ. నోరు విప్పి చెప్పుకోలేని పిల్లల కష్టమే ఆ పూనకాలలో పలికిందని ఆమె భావం. బీడీల చాట ముందు వంగి కూర్చునే మన ఆడవాళ్ళను తలచుకుంటే ఆ మాట మనకు దూరమైనది కాదు.

పోచమ్మ పండుగనాడు సిగమూగే వారిని మేము ఆక్షేపించడం లేదు. అది నలుగురి మధ్య, డప్పుల మధ్య వచ్చి, సాయంత్రానికి శాంతిస్తుంది. ఆమె మరునాడు తన పని తాను చేసుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలులో పెట్టిన జబ్బుల పట్టికలోనూ యీ తేడా వున్నది. కోరకుండా వచ్చి, మనిషిని బాధించి, సంసారం చేసుకోనివ్వని పూనకాన్నే జబ్బుగా లెక్కించినారు. మత సంప్రదాయంలో భాగంగా వచ్చేదాన్ని లెక్కించలేదు.

ఇక చట్టం మాట. మూఢనమ్మకాల మీద పోరాడిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణెలో హత్యకు గురైనారు. కొద్ది రోజులకే మహారాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. డిసెంబరులో అది శాసనసభలలో నెగ్గింది. దయ్యం వదిలిస్తామని త్రాళ్ళతో, గొలుసులతో కట్టడం, కొట్టడం, మిరపకాయల పొగ పెట్టడం, వెంట్రుకలు పీకడం, వాతలు పెట్టడం యిందులో నేరాలు. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా ఏడేండ్ల వరకు జైలు, 5,000 నుంచి 50,000 రూపాయల వరకు జరిమానా. చేసినవానికే కాదు, ప్రోత్సహించిన వారికి కూడా. మా యింట్లో కుంపటి రాజేసేనాటికి ఆ చట్టం అమలులోనే వున్నది. మాకు తెలియదు, మా అమ్మాయికి తెలుసు.

కట్టివేయడం మాట వచ్చింది గనుక యింకొకటి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మతి చలించినవారిని ఉంచిన పాకకు నిప్పంటుకున్నది. గొలుసులతో కట్టివేసి ఉన్నందున వాళ్ళు పారిపోలేకపోయినారు. 28 మంది చనిపోయినారు. వాళ్ళనందరినీ అక్కడ వదలివెళ్ళింది యింటివాళ్ళే, బాగవుతుందన్న ఆశతోనే.

ఇదంతా ఆ పెద్దమనిషికి చెప్పినాము. ఆయన వింటున్నారు గాని, ముఖంలో నమ్మకం లేదు. అప్పుడు లోపలి నుంచి మా మరదలు వచ్చి నిలబడింది. ఇప్పుడామె యిద్దరు పిల్లల తల్లి.

"ఆ పిల్ల ఏమంటున్నది పెద్దయ్యా?" అని అడిగింది.

"అది అనేది కాదు బిడ్డా, దయ్యం అనేది."

"అదే. ఏమంటున్నది?"

ఆయన కాసేపు ఆలోచించి, "తమ్ముని పెండ్లికి పోవాలె, పోవాలె అంటది. ఆ పెండ్లి అయిపోయింది. పనులుండి మేము పంపలే" అన్నారు. అని, తానే తలవంచుకున్నారు.

ఇటువంటి సంకటం ఏ యింట్లో వచ్చినా పాఠకులు మొదట ఆ మనిషిని ఒంటరిగా, మెల్లగా అడగండి. మందూ కావలసిరావచ్చు, అదీ ఆలస్యం చేయకండి. 14416 అనే నెంబరుకు ఫోను చేస్తే 'టెలీ మానస్' వారు డబ్బు తీసుకోకుండా మాట్లాడుతారు. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. తెలుగులోనూ, మరాఠీలోనూ చెప్పుకోవచ్చు. దుబాసీ అవసరం లేదు.

మొన్న గురువారం ఆ పెద్దమనిషి మా ఆఫీసుకు వచ్చినారు. మంత్రగాని అడ్రసు అడగలేదు. "దవాఖానాల కేసు పేపరు ఎన్ని గంటలకు రాస్తరు?" అన్నారు. గేటు బయట రిక్షాలో ఆయన కోడలు, ఆమె పక్కన మా మరదలు కూర్చొని వున్నారు. మేము సగం దినం సెలవు చీటీ వ్రాసియిచ్చి, వారి వెంట వెళ్ళినాము.