కణం బొమ్మకు మార్కులు ఎవరివి?

ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవం దగ్గరపడిందంటే పట్టణాల్లోని స్టేషనరీ దుకాణాలకు గిరాకీ పెరుగుతుంది. థర్మోకోల్ పలక, రంగు చార్టు, ఫెవికాల్, స్కెచ్ పెన్నులు - ఇదీ ఎనిమిదో తరగతి పిల్లవాడు తెచ్చే చీటీ. అంత తీరిక లేనివారి కోసం జంతుకణం, వృక్షకణం సిద్ధంగా చేసి అమ్మే దుకాణాలూ ఉన్నాయి. కొనకపోతే రాత్రి పొద్దుపోయేదాకా అమ్మో, అక్కో కూర్చుని రంగులు పూస్తారు. తెల్లవారి పిల్లవాడు దాన్ని మోసుకుని బడికి పోతాడు. ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి గనుక ఈ తతంగం తప్పదు.

ఆ మార్కులు ఎవరికి వేస్తున్నట్లు? కూలికి పోయే ఇంటి పిల్ల చెరువుగట్టు బంకమన్ను తెచ్చి స్వయంగా చేసిన బొమ్మ, తళతళలాడే థర్మోకోల్ పక్కన వెలవెలబోవడం శోచనీయం. పైగా అలంకరణకు వాడే థర్మోకోల్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. పర్యావరణ పాఠం చెప్పే బడి వెనుకే, ప్రదర్శన మర్నాడు ఆ పలకలు చెత్తకుప్పలో తేలడం ఏం సబబు?

నిజానికి కణం నమూనాకు కావలసినవన్నీ ఇంట్లోనే ఉంటాయి. పాలిథిన్ సంచిలో పిండి జావ పోసి, ఒక రేగుపండు వేసి మూతి కడితే జంతుకణం. సంచి ప్లాస్మా పొర, జావ కణద్రవ్యం, పండు కేంద్రకం. అలాంటి సంచినే చెప్పుల అట్టపెట్టెలో ఇమిడిస్తే ఆ పెట్టె కణకవచం. లోపల నీళ్ళు నింపిన మరో పెద్ద సంచి రిక్తిక. అది చోటంతా ఆక్రమించి కేంద్రకాన్ని ఓ మూలకు నెట్టేస్తుంది. ఇది వృక్షకణం. దుకాణం బొమ్మల్లో కేంద్రకం నట్టనడుమ కూర్చుని ఉంటుంది. కణమంటే పలకలా చదునుగా ఉంటుందనే భ్రమ కూడా ఆ బొమ్మల చలవే.

కొలతల సంగతి మరీ అన్యాయం. ఉల్లిపొర కణం పొడవు సుమారు పావు మిల్లీమీటరు. పాతిక సెంటీమీటర్ల పెట్టె అంటే దానికి వెయ్యి రెట్లు. ఆ లెక్కన మైటోకాండ్రియాకు ఆవగింజ చాలు. పిల్లలు బొటనవేలంత చిక్కుడు గింజలు అతికిస్తున్నారు! పేరు కనబడాలంటే పెద్దది కావలసిందే, కాదనలేం. అయితే అసలు పరిమాణం ఎంతో పక్కన ఒక చీటీ మీద రాయించడానికి ఖర్చేమీ కాదు గదా.

మైటోకాండ్రియా అని వల్లెవేసే పిల్లలకు అక్కడ తయారయ్యే ఏటీపీ గురించి ఒక మాట చెప్పాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1929లో దాన్ని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నారు. మన జిల్లాల పిల్లలకే ఈ సంగతి తెలియకపోతే మరెవరికి తెలుస్తుంది?

సూక్ష్మదర్శినిని బీరువాలో పెట్టి తాళం వేసే బడులు లేకపోలేదు. ప్రదర్శన రోజున దాన్ని బయటకు తీసి, ఒక ఉల్లిపాయ, అయోడిన్ సీసా పక్కన పెట్టాలి. ఉల్లిపొరలో హరితరేణువులు కనబడవు. "బొమ్మలో ఉన్నాయి, ఇందులో లేవేం?" అని ఏ పిల్లవాడైనా అడిగితే అంతకు మించిన ప్రాజెక్టు ఉండదు. నేల కింద పెరిగే గడ్డకు వాటితో పనేమిటో ఉపాధ్యాయుడు అక్కడే చెప్పవచ్చు.

మార్కులు వేసేవారు కూడా రంగులు చూసి మురిసిపోకుండా, "ఈ అట్టపెట్టె తీసేస్తే ఏమవుతుంది?" అని ఒక్క ప్రశ్న అడగాలి. బొమ్మ కొన్నదెవరో, చేసుకున్నదెవరో అక్కడికక్కడే తేలిపోతుంది.