నల్లరాతి సాక్ష్యము

గోదావరి సీమలో కోడికూత వినబడని పల్లె లేదు. దమ్ము చేయుచున్న చేలలో పురుగులను ఏరుకొనుచు తిరుగు తెల్లకొంగలను చూడని బాలుడును లేడు. నిత్యము కనబడు వస్తువునందు మనుష్యునకు వింత తోచదు. కాని పెరటికోడి కాలిని ఒక్కమారు పరికించినచో, పొలుసులతో కప్పబడిన ఆ కాలును, వాడియైన ఆ గోళ్లును మిక్కిలి ప్రాచీనమైన ఒక వంశమును జ్ఞప్తికి తెచ్చును. పక్షులు రాక్షసబల్లుల వంశములో నేటికి మిగిలిన శాఖ యని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

ఇది కేవలము ఊహ కాదు. 1861లో జర్మనీ దేశపు బవేరియాలో, సున్నపురాతినుండి ఒక వింతప్రాణి శిలాజము బయల్పడెను. దానికి పక్షివలె ఈకలును, బల్లివలె దంతములును, పొడవైన తోకయెముకలును గలవు. దానికి ఆర్కియోప్టెరిక్స్ అని పేరిడిరి. 1996లో చైనాదేశమున, ఈకలవంటి నూగుతో కప్పబడిన చిన్న రాక్షసబల్లి శిలాజము వెల్లడియయ్యెను.

ఈ వంశచరిత్రకు సాక్ష్యము వెదకుటకు విదేశములకే పోనక్కరలేదు. గోదావరికి ఎగువన, ప్రాణహిత లోయ ప్రాంతమున, యామనపల్లివద్ద దొరికిన ఎముకలకు 1988లో యాదగిరి యను శాస్త్రజ్ఞుడు కోటసారస్ అను పేరు పెట్టెను. ఆ అస్థిపంజరము హైదరాబాదులోని బిర్లా విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాలలో నిలుపబడినది. నాలుగు కాళ్లపై నడచిన ఆ శాకాహారి పక్షులకు పూర్వికుడు కాదు, జ్ఞాతి మాత్రమే. రెండు కాళ్లపై నడచిన మాంసాహారుల శాఖనుండి పక్షులు పుట్టినవి.

ఆ మహావంశము అంతరించిన కాలపు గుర్తు రాజమహేంద్రవరము చెంతనే యున్నది. గోదావరికి ఎడమవైపున కాతేరులోను, కుడివైపున పంగిడి, గౌరీపట్నములలోను కనబడు నల్లరాయి ఒకప్పుడు ప్రవహించి గడ్డకట్టిన లావాయే. అది పడమటి కనుమల ప్రాంతమున వెలువడి, సుమారు వేయి కిలోమీటర్లు ప్రవహించి ఈ తీరమును చేరెనని పెక్కుమంది భూగర్భశాస్త్రజ్ఞుల అభిప్రాయము. రెండు లావాపొరల నడుమ, గుల్లలును, సూక్ష్మమైన సముద్రజీవుల కవచములును గల వేరొక పొర యున్నది. గెర్టా కెల్లర్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును ఆ కవచములను పరీక్షించి, 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందటి మహావినాశము జరిగిన వెంటనే ఆ పొర ఏర్పడినదని 2008లో ప్రకటించిరి.

ఆ వినాశమునకు మెక్సికోలో పడిన ఉల్కయే ప్రధానకారణమని కొందరును, ఈ లావా విడిచిన విషవాయువులు కూడ తోడైనవని కొందరును వాదింతురు. కారణమేదైనను, భారీ దేహము గల రాక్షసబల్లులు నశించెను. దంతములు గల పక్షులును నశించెను. దంతములు లేని చిన్న పక్షులు కొన్ని మాత్రము బ్రతికెను. అడవులు కాలి, ఆకులును పండ్లును కరవైన దినములలో, నేలపై పడియున్న గింజలే వాటిని కాపాడి యుండునని ఒక అభిప్రాయము. పెరటికోడి గింజలు ఏరుకొనుట అల్పమైన పనిగా తోచును. ఆ పనియే ఒక వంశమును నిలిపినదేమో!

ఇట్టి చరిత్ర గల రాయి నేడు క్వారీలలో పగిలి, కంకరయై, బాటల క్రింద పడుచున్నది. బాటలు వలదనుట అవివేకము. రాతిపనిపై బ్రతుకు కుటుంబములును పెక్కు గలవు. అయినను, లావాపొరలును, వాని నడుమనున్న పొరయు స్పష్టముగా కనబడు ఒక్క చోటునైనను పగులగొట్టక నిలుపుట ధర్మము. విశాఖపట్నము చెంతనున్న ఎర్రమట్టి దిబ్బలను జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తించిరి. నల్లరాతికి ఆ గౌరవము ఏల దక్కరాదు? బాలబాలికలు దానిని కన్నులార చూచినచో, పుస్తకములో నూరు పుటలు చదివినదానికంటె అధికముగా గ్రహింతురు.

రాతిని కాపాడి పక్షిని మరచుటయు తగదు. ఒకప్పుడు గోదావరి లోయలోను కనబడిన కలివికోడి 1900 తరువాత కనుమరుగై, 1986లో కడప జిల్లాలో మరల కనబడెను. దాని ఉనికి నేటికిని ప్రమాదమందే యున్నది. ఉల్కాపాతమును తట్టుకొనిన వంశము మనుష్యుని అజాగ్రత్తవలన క్షీణించినచో, ఆ నింద మనుష్యునిదే యగును. కొల్లేటి గూడబాతులును, చేలలోని కొంగలును ఈ నేలపై మనుష్యునికంటె ఎంతో ముందు కాపురమున్న వంశమువి. వాటికి నీటిని, చెట్టును, గింజను మిగుల్చుట పెద్దలపట్ల చూపవలసిన మర్యాద.