ఉపకారం ఎవరిది, తాకట్టు ఎవరిది?

మా పెద్దమ్మాయి బీటెక్ అయిపోయింది. ఉద్యోగం కూడా వచ్చింది. ఈ మాట చెప్పగానే "ఇంకేం వదినా, గట్టెక్కేశారు" అంటున్నారు అందరూ. గట్టెక్కిన మాట నిజమే. కానీ నా రెండు పేటల గొలుసు బ్యాంకులో ఉంది. అది అక్కడికి ఎందుకు వెళ్ళిందో చెబుదామనే ఈ రోజు వంట తొందరగా ముగించుకుని కూర్చున్నాను.

ఉద్యోగం ఇచ్చినవాళ్ళు పదిహేను రోజుల్లో ఒరిజినల్స్ చూపించమన్నారు. అమ్మాయి కాలేజీకి వెళ్తే, "రెండేళ్ళ ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు. 70,000 కడితే సీఎంఎం, పీసీ, టీసీ అన్నీ ఇచ్చేస్తాం" అన్నారట. మాది బీసీ కుటుంబం, మావారు సిమెంటు దుకాణంలో గుమాస్తా. మన తెలంగాణలో ఎంసెట్‌లో పదివేల లోపు ర్యాంకు వస్తే బీసీ పిల్లలకు ఫీజు మొత్తం ప్రభుత్వం ఇస్తుంది, ఆపైన అయితే ఏడాదికి 35,000. మా అమ్మాయిది రెండో రకం. మిగతా ఫీజు ఏటా మేమే కట్టాం, ఒక్క రూపాయి మిగల్చకుండా. బాకీ పడింది ప్రభుత్వం. అడుగుతున్నది మమ్మల్ని.

మర్నాడు నేనూ వెళ్ళాను. కౌంటర్లో అడిగితే అకౌంట్స్‌లో కనుక్కోమన్నారు. అకౌంట్స్‌వాళ్ళు స్కాలర్‌షిప్ సెక్షన్‌కి పంపారు. అక్కడాయన భోజనానికి వెళ్ళాడు. వచ్చాక, "మా చేతుల్లో ఏముందమ్మా, వెల్ఫేర్ ఆఫీసులో అడగండి" అన్నాడు. వెల్ఫేర్ ఆఫీసుకి వెళ్తే, "మేం ఎప్పుడో మంజూరు చేశాం, ట్రెజరీలో టోకెన్ కూడా పడింది, డబ్బు విడుదల కావాలి" అన్నారు. ఎప్పుడవుతుందండీ అంటే, "అది పైవాళ్ళకే తెలియాలి" అన్నారు. ఎవరూ కసురుకోలేదు. ఎవరూ అబద్ధమూ ఆడలేదు. ఒక్కరు అబద్ధమాడినా పోట్లాడి ఉండేదాన్ని. అందరూ నిజమే చెప్పి నన్ను ఖాళీ చేతులతో ఇంటికి పంపారు.

నాలుగేళ్ళూ ఈ పిల్ల ఏం చేసిందో చెప్పనా? మీసేవలో ఆదాయ సర్టిఫికెట్, ఈ-పాస్‌లో రెన్యువల్, బ్యాంకు ఖాతాకి ఆధార్, వేలిముద్ర, జిరాక్స్ సెట్లు, 75 శాతం హాజరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉందని రెండో ఏడాది నెలరోజులు తిప్పారు. గడువు దాటితే పోర్టల్ మూసేస్తారని జ్వరంలో కూడా వెళ్ళి క్యూలో నిలబడింది. పరీక్ష ఫీజు ఆలస్యమైతే జరిమానా కట్టింది. పిల్ల ఒక్కరోజు ఆలస్యమైతే జరిమానా ఉంది. ప్రభుత్వం రెండేళ్ళు ఆలస్యమైతే ఏ జరిమానా లేదు. పైగా ఆ జరిమానా కూడా పిల్లే కడుతోంది.

నేను బీఏ తెలుగు చదివాను కదా, మాటల దగ్గర ఆగిపోవడం నాకు అలవాటు. స్కాలర్‌షిప్‌ని మనం ఉపకార వేతనం అంటాం. అందులో రెండు మాటలున్నాయి. ఆఫీసుల్లో అందరికీ మొదటిదే గుర్తుంది. "గవర్నమెంటు ఇస్తోంది కదమ్మా, కాస్త ఓపిక పట్టాలి" అని ఉపకారం చేసినవాళ్ళలా మాట్లాడతారు. వేతనం అన్న రెండో మాట ఎవరూ పలకరు. పని చేసినవాళ్ళకి చేసిన పనికి ఇవ్వాల్సింది వేతనం. పిల్ల చదివింది, హాజరైంది, పాసైంది. చెప్పిన షరతులన్నీ తీర్చింది. ఇక అది బాకీయే, దయ కాదు.

ఈ పథకం మంచిది కాదని నేను అనడం లేదు. 2008 ప్రాంతంలో వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. మా వీధిలో ఇంట్లో మొట్టమొదటిసారి ఇంజినీరింగ్ చదివిన పిల్లలు నలుగురున్నారు, నలుగురూ దీని వల్లే చదివారు. అందుకే నాకింత కోపం. రానిదానికి ఎవరూ ఆశపడరు. వస్తుందని చెప్పి సీటులో కూర్చోబెట్టి, చదువు అయ్యాక గుమ్మం దగ్గర ఆపడం ఏం న్యాయం?

"అన్నీ ఉచితంగా కావాలంటే ఇలాగే ఉంటుంది" అన్నాడు మా బావగారు, పోయిన ఆదివారం భోజనాల దగ్గర. పప్పు వడ్డిస్తున్నదాన్ని ఆగి అడిగాను, "బావగారూ, మీ పెన్షన్ రెండేళ్ళు ఆగితే ఓపిక పడతారా? దాని బదులు మీ ఇంటి కాగితాలు ఎవరైనా తీసి దాచుకుంటే?" ఆయన మజ్జిగ అడిగారు.

కాలేజీ కష్టం నాకు తెలియదని కాదు. మా పక్కింటి కోడలు అలాంటి కాలేజీలోనే లెక్చరర్. మూడు నెలలుగా జీతం లేదు. అడిగితే రీయింబర్స్‌మెంట్ రాలేదంటారు. కాలేజీలకి కోపం రావడం న్యాయమే. కానీ అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ప్రభుత్వం మీద కోపం పిల్లల సర్టిఫికెట్ల మీద చూపించడమేమిటి? ప్రభుత్వం దగ్గర తాకట్టు పెట్టుకోవడానికి ఏమీ దొరకలేదు కాబట్టి పిల్లల కాగితాలు పెట్టుకున్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ మాట అంటే క్లర్కు నవ్వి, చేరేరోజు మావారు సంతకం పెట్టిన కాగితం తీసి చూపించాడు. ప్రభుత్వం ఇవ్వకపోతే తల్లిదండ్రులే కడతామని ఉంది అందులో. అప్లికేషన్‌తో పాటు పది కాగితాలిస్తే అన్నిటికీ సంతకాలు చేశారట. చదవలేదట.

ఆంధ్రాలో 2021లో ఈ డబ్బుని తల్లుల ఖాతాల్లో వేయడం మొదలుపెట్టారు. తల్లులే తీసి కాలేజీకి కట్టాలి. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ నేరుగా కాలేజీలకే అన్నారు. గుంటూరులో ఉండే మా పిన్ని కూతురు ఒకటే చెప్పింది, "అక్కా, డబ్బు ఎవరి ఖాతాలో వేసినా, రాకపోతే కాలేజీ నుంచి ఫోను నాకే వచ్చేది."

అదే నేను మీతో చెప్పాలనుకున్నది. 2025 నవంబరులో మన దగ్గర ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ చేశాయి. ప్రభుత్వం చర్చలకు పిలిచింది, కొంత ఇస్తామంది, బంద్ ఆగింది. కాలేజీకి తలుపులు మూసే వీలుంది. ప్రభుత్వానికి మాటివ్వడానికి నోరుంది. మధ్యలో మనకేముంది? మెడలో గొలుసుంది. ఈ లెక్కలు ఇన్నేళ్ళుగా ఎలా నడుస్తున్నాయని ఆశ్చర్యపడక్కర్లేదు. మన గొలుసుల మీద, మన చీటీ డబ్బుల మీద, "పోనీలే, పిల్ల భవిష్యత్తు కదా" అని మనం అనే మాట మీద నడుస్తున్నాయి. మనం చప్పుడు చేయకుండా కట్టేస్తాం కాబట్టి అటు ప్రభుత్వానికీ తొందర లేదు, ఇటు కాలేజీకీ సిగ్గు లేదు. నేనూ కట్టాను. పదిహేను రోజుల గడువుంటే ఇంకేం చేస్తాను? మిమ్మల్ని కట్టొద్దని చెప్పే అర్హత నాకు లేదు.

కానీ చప్పుడు చేయకుండా మాత్రం కట్టకండి. రసీదు మీద ఉత్తి "ఫీజు" అని రాయనివ్వకండి. "ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి కింద" అని, ఏ ఏడాదిదో కూడా రాయించండి. రేపు ప్రభుత్వం డబ్బు వచ్చాక మనది మనకి తిరిగి రావాలంటే ఆ ఒక్క లైనే ఆధారం. నేను అరగంట నిలబడి రాయించుకున్నాను. సర్టిఫికెట్లు ఎందుకివ్వరో కాగితం మీద రాసిమ్మని అడగండి. నోటితో అన్నంత తేలిగ్గా ఎవరూ రాసివ్వరు. విద్యార్థుల ఫిర్యాదులు వినడానికి ప్రతి యూనివర్సిటీలో అంబుడ్స్‌పర్సన్ ఉండాలని యూజీసీ 2023లో నిబంధన పెట్టింది. అక్కడికి రాయండి. ఇంగ్లీషు రాకపోతే తెలుగులో రాయండి. నేను తెలుగులోనే రాశాను, రెండు పేజీలు, రసీదు జిరాక్స్ జతచేసి. జవాబు ఇంకా రాలేదు. గొలుసు మీద వడ్డీ మాత్రం నెలనెలా ఆలస్యం లేకుండా పడుతోంది.

వచ్చే ఏడాది మా చిన్నోడు చేరతాడు. నిన్న మావారితో చెప్పేశాను, ఈసారి కాలేజీకి నేనూ వస్తానని. ఎందుకూ అన్నారు. ఆ పది కాగితాలూ చదవడానికి అన్నాను.