తవ్విన కొండ మీద సైకిల్

డిసెంబరులో ఏ ఆదివారమైనా సరే, తెల్లవారుజామున నర్సీపట్నం అబీద్ సెంటర్లో నిలబడితే ఆ సందడి చూడాల్సిందే. మంచు చూడ్డానికి లంబసింగి వెళ్లే కార్లు, జీపులు, ముగ్గురేసి ఎక్కిన మోటార్ సైకిళ్లు... ఆ వరసలో అక్కడక్కడా గేర్ల సైకిళ్లు. తలకి హెల్మెట్, వీపున నీళ్ల సంచి, లావుపాటి గళ్ల టైర్లు. టీకొట్టు దగ్గర ఆగితే, ‘ఎందుకు బాబూ ఈ కష్టం, బస్సుందిగా’ అనే పెద్దాయన ఒకరు ఉండనే ఉంటారు.

కష్టమే మరి. లంబసింగి ముప్ఫై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. డౌనూరు దాకా ఏదోలా లాగించేయొచ్చు. ఆ తర్వాత ఘాట్ మొదలవుతుంది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరేసరికి తొడలు తమవి కావన్నట్టుంటాయి. ఇంత చెమటోడ్చి ఎక్కే ఈ దారికీ ఓ చెమట కథ ఉంది. నర్సీపట్నం నుంచి మన్యంలోకి వేసిన రోడ్డు పనిలో గిరిజనులను అరకొర కూలికి, వెట్టికి తోలినవాడు గూడెం తహసీల్దారు బాస్టియన్. ఆ కడుపుమంటే అల్లూరి సీతారామరాజు వెనక జనం కదలడానికి ఒక ముఖ్య కారణమైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి జరిగింది. మర్నాడే కృష్ణదేవిపేట. సైకిల్ తొక్కేవాళ్లకి ఈ సంగతి తెలిస్తే ఘాట్ తేలికవదుగానీ, రొప్పుతూ ఆగినచోట తలచుకోవడానికి పనికొస్తుంది.

అయితే, మౌంటెన్ బైక్ పుట్టింది తారు రోడ్డు కోసం కాదు. 1970లలో కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లేసుకుని కొండ మీది నుంచి మట్టిదారిలో కిందికి దూకుడుగా దిగేవారు. వెనక చక్రం హబ్‌లోని బ్రేకు ఎంతగా కాలేదంటే, లోపలి గ్రీజంతా పొగై పోయేది. దిగిన ప్రతిసారీ విప్పి కొత్త గ్రీజు కూరాలి. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అని పేరు. 1976లో అక్కడ మొదలైన పందేలే ఇరవై ఏళ్లకల్లా, 1996లో, అట్లాంటా ఒలింపిక్స్ దాకా వెళ్లాయి. ఆ సైకిల్‌కు కావాల్సింది మట్టి, రాయి, వేరు, మలుపు. నర్సీపట్నం చుట్టూ అవి కరవా?

ఘాట్ వైపు కాకుండా నాతవరం వైపు వెళితే తాండవ జలాశయం, దాని వెనక కొండలు. ఆ మండలంలోనే సరుగుడు, సుందరకోట, బమిడికలొద్ది ప్రాంతాల్లో లేటరైట్ గనులు. పచ్చటి కొండకు ఎర్రటి గాటు పడ్డట్టు దూరం నుంచే తెలుస్తాయి. తవ్వితీసింది లారీలెక్కి పోగా, పనికిరాదని పక్కన పోసింది దిబ్బలుగా మిగులుతుంది. మెట్లుమెట్లుగా కోసిన అంచులు, టిప్పర్లు తొక్కిన వంకర బాటలు, వాటి చివర అడవి. మౌంటెన్ బైక్ పిచ్చి ఉన్నవాడు అలాంటి దిబ్బను చూస్తే కాళ్లు ఊరుకోవు.

ఇదేమీ పిచ్చి ఆలోచన కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైక్ పోటీలు జరిగింది అలాంటి కొండ మీదే. ఎలాన్‌కోర్ కొండ ఒకప్పుడు రాతి క్వారీ. తవ్వగా మిగిలిన చోట ఏళ్ల తరబడి చెత్త, కట్టడాల మట్టీమశానం పోశారు. పోసి పోసి 231 మీటర్ల ఎత్తయింది... పారిస్ ప్రాంతంలో దానిని మించిన ఎత్తు మరోటి లేదు! ఆ చెత్తకొండ మీదే బ్రిటన్ కుర్రాడు టామ్ పిడ్‌కాక్ పోటీ మధ్యలో టైరు పంక్చరై వెనకబడి, ఆఖరి రౌండులో ఫ్రాన్స్ వీరుడు కొరెట్స్కీని దాటేసి బంగారు పతకం పట్టుకుపోయాడు.

ఫ్రాన్స్ ఉత్తరాన బొగ్గు గనుల సీమ ఉంది. 1990లో ఆఖరి గని మూతపడింది. మిగిలినవి నల్లటి శంకువుల్లాంటి దిబ్బలు. లూస్-ఆన్-గోయెల్ అనే ఊళ్లో జంట దిబ్బలు 180 మీటర్లు దాటుతాయి. కొన్ని దిబ్బల్లో లోపల బొగ్గు రాజుకుని రాయి ఎర్రగా కాలిపోతుంది. ఆ నల్లటి వేడి నేల మీదే బర్చ్ చెట్లు మొలిచాయి. జనం నడుస్తారు, సైకిళ్లు తొక్కుతారు. ఇంకో ఊళ్లోనైతే దిబ్బ వాలు మీద కృత్రిమ స్కీయింగ్ కూడా పెట్టారు. 2012లో ఆ గనుల సీమ మొత్తాన్నీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే తాజ్‌మహల్ పక్కన బొగ్గు దిబ్బలన్నమాట.

నర్సీపట్నం వాళ్లకి మరింత దగ్గరి చుట్టం అమెరికాలో ఉంది. మినెసోటా రాష్ట్రంలోని కుయూనా. అక్కడ తవ్వింది ఇనుప ఖనిజం. గనులు పోయాక క్రాస్బీ ఊరు బోసిపోయింది. గోతుల్లో తేటనీరు నిలిచింది, దిబ్బల మీద అడవి కమ్మింది. 1993లో ఆ చోటును రాష్ట్ర ప్రభుత్వం ప్రజల విహార స్థలంగా ప్రకటించింది. 2011లో సుమారు 40 కిలోమీటర్ల సైకిల్ బాటలు తెరిచారు. దాంతో సైకిల్ షాపులు, కాఫీ హోటళ్లు వచ్చాయి. అక్కడి మట్టి కూడా ఎరుపే. తొక్కినవాడి మేజోళ్లు మళ్లీ తెల్లబడవట. నాతవరం రోడ్డు పక్కన బట్టలు ఆరేసుకునే ఇల్లాళ్లు ఆ బాధ చక్కగా అర్థం చేసుకుంటారు.

మరి ఇక్కడెందుకు కాదు? ఈ ప్రశ్న దగ్గరే సైకిల్ దిగాలి. ఆ దేశాల్లో గని మూతపడింది. ఆ తర్వాత నేల ఎవరిదో, వాలు ఎంత ఉండాలో, గోతికి కంచె ఎవరు వేయాలో తేల్చారు. ఇక్కడ తవ్వడానికి ఉన్న తొందర సర్దడానికి కనబడదు. నాతవరం కొండల్లో లేటరైట్ కోసం అడవిలో దారి వేశారన్న వివాదం 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. లేటరైట్‌ను 2015లో కేంద్రం చిన్నతరహా ఖనిజాల జాబితాలోకి మార్చింది. దాంతో దాని నియమాల బాధ్యత రాష్ట్రాలకు వచ్చింది. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. తవ్వకం పూర్తయ్యాక ఆ నేల మీద మళ్లీ గడ్డి పెంచాలని, పశువుల మేతకు, మొక్కలకు పనికొచ్చేలా చేయాలని, ఆ షరతును లీజుల్లోనే పెట్టాలని. గడ్డి! సైకిల్ బాట సంగతి దేవుడెరుగు, ముందు గడ్డి మొలిస్తే మేకలు తోలుకునేవాళ్లకు అదే పదివేలు. తెలుగునాట ఈ పని తెలియనిదేమీ కాదు. సింగరేణిలో ఓబీ గుట్టల మీద చెట్లు పెంచుతూనే ఉన్నారు.

గడ్డి లేని లేటరైట్ దిబ్బ ఎంత ప్రమాదమో తొక్కేవాడికి మొదటి మలుపులోనే తెలుస్తుంది. వానలు యుగాల తరబడి కొండను కడిగి, సిలికాను తీసుకుపోయి, ఇనుము, అల్యూమినియం మిగిల్చిన రాయి ఇది. తవ్వినప్పుడు మెత్తన, గాలి తగిలితే గట్టి. 1807లో బుకానన్ అనే దొర మలబారులో జనం దీన్ని ఇటుకల్లా కోసి ఇళ్లు కట్టుకోవడం చూసి, ఇటుకకు లాటిన్‌లో ఉన్న పేరే పెట్టాడు. దిబ్బ మీద పోసినప్పుడు మాత్రం ఇటుక కాదు, గోళీలు. గుండ్రటి ఎర్ర గులకలు టైరు కింద దొర్లిపోతాయి. అక్కడ ముందు బ్రేకు గట్టిగా నొక్కితే మనిషి హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. పిరుదులు సీటు వెనక్కి జరపాలి, టైర్లలో గాలి కాస్త తగ్గించాలి, రెండు బ్రేకులూ తాకీతాకనట్టు వాడాలి. వానాకాలంలో అదే మట్టి ముద్దయి చక్రానికీ ఫోర్కుకీ మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు సైకిలే మనిషినెక్కుతుంది.

ఇక పని జరుగుతున్న క్వారీ జోలికి అసలు పోకూడదు. టిప్పరు డ్రైవరుకు మలుపులో సైకిల్ కనబడదు. పేలుళ్ల వేళలు తెలియవు. కోసిన అంచు ఎప్పుడు జారుతుందో చెప్పలేం. వదిలేసిన గోతుల్లో నిలిచిన నీళ్ల లోతూ పైకి తెలియదు. రిజర్వు ఫారెస్టులోని కాలిబాటలకైతే అటవీశాఖ అనుమతి కావాలి. ఆ బాటల్లో సంతకు నెత్తిన బరువుతో నడిచి వెళ్లేవాళ్లదే మొదటి హక్కు. ఎదురైతే సైకిల్ దిగి పక్కకు జరగడం మర్యాద.

ప్రస్తుతానికి నర్సీపట్నం సైకిళ్లకు దారులు రెండు. కొత్తవాళ్లు తాండవ వైపు పొలాల మట్టిదారుల్లో తొక్కి, పొద్దెక్కకముందే తిరిగి రావచ్చు. కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు ఘాట్ ఎక్కవచ్చు. ఎక్కడం కంటే దిగడానికే భయపడాలి. మంచులో పది గజాల అవతల కారు కనబడదు, చలికి వేళ్లు కొంకర్లు పోయి బ్రేకు లీవరు చేతికందదు. చేతి తొడుగులు, వెనక ఎర్ర లైటు, ఒక జత అదనపు బ్రేకు ప్యాడ్లు సంచిలో వేసుకోవాలి.