అద్దెయింటిలో పసిబిడ్డ యేడుపు

ఒకే ప్రహరీలో నాలుగు వాటాలు. నడిమి వాటాలో ఆరు నెలల బిడ్డ. అర్ధరాత్రి బిడ్డ యేడ్చును. తెల్లవారగనే ప్రక్కవాటావారు యజమానితో మొరపెట్టుకొందురు. మధ్యాహ్నమునకు "నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయుడు" అను మాట గుమ్మములోనికి వచ్చును. ధర్మపురిలో అద్దెకున్నవారికి ఇది క్రొత్త మాట కాదు. ఆ మాట వినినంతనే సామాను కట్టుకొను తల్లిదండ్రుల కొఱకును, వారి బిడ్డలైన మన విద్యార్థుల కొఱకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన రాష్ట్రమున 1960 నాటి అద్దె నియంత్రణ చట్టము ఇరుగుపొరుగువారికి ఉపద్రవము కలిగించు అద్దెదారుని ఖాళీ చేయించుటకు వీలు కల్పించెను. 2019 ఫిబ్రవరి 22 నుండి దాని స్థానమున 2017 నాటి క్రొత్త చట్టము అమలులో నున్నది. ఒప్పందకాలము నడచుచున్నంతవరకు చట్టము చెప్పిన కారణములకు తప్ప అద్దెదారుని వెడలగొట్టరాదని ఇది శాసించుచున్నది. అద్దె బాకీపడుట, అనుమతి లేక ఇంటిని ఇతరులకిచ్చుట, నోటీసు ఇచ్చినను మానక ఇంటిని దుర్వినియోగము చేయుట అట్టి కారణములు. ప్రజలకు ఉపద్రవము కలుగునట్లు ఇంటిని వాడుటయు దుర్వినియోగమే. అయితే ఆకలికో, కడుపునొప్పికో యేడ్చు శిశువు ఇంటిని దుర్వినియోగము చేయుచున్నదని యే న్యాయాధికారి యెదుట చెప్పగలరు? ఆ వాదము నిలువదని నా దృఢాభిప్రాయము. లౌడుస్పీకరుల సంగతి వేఱు. రాత్రి 10 గంటల పిమ్మట వాటిని బహిరంగముగా మ్రోగింపరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు చెప్పుచున్నవి. పెండ్లిపందిటి హోరును తెల్లవార్లు సహించువారు పసిగొంతును సహింపలేకపోవుట వింతయే గదా!

ఇతర దేశములు ఈ విషయమును తేటగా చెప్పినవి. జర్మనీ 2011లో చట్టమును సవరించి, శిశుసంరక్షణాలయములు, ఆటస్థలముల నుండి వచ్చు పిల్లల సందడిని సాధారణముగా హానికర శబ్దముగా ఎంచరాదనెను. అమెరికా 1988లో, పిల్లలున్నారను కారణమున ఇల్లు నిరాకరించుటను సాధారణముగా నిషేధించెను. మనకును అట్టి స్పష్టమైన మాట యొకటి కావలెను.

ఇక అసలు చిక్కు వేఱొకచోట నున్నది. క్రొత్త చట్టము ప్రకారము అద్దె ఒప్పందము వ్రాతపూర్వకముగా నుండవలెను. దానిని అద్దె అధికారి వద్ద నమోదు చేయింపవలెను. మనలో పెక్కుమంది అడ్వాన్సు చేతిలో పెట్టి, నోటిమాటతో కాపురము పెట్టుదురు. యజమానికిని అద్దెదారునికిని ఒప్పందము కుదరకపోవుటయు చట్టము చెప్పిన కారణములలో నొకటి! బిడ్డ యేడుపు వలన పోని యిల్లు కాగితము లేనందున పోవచ్చును. కాగితమున్నను, గడువు ముగిసిన పిమ్మట ఈ రక్షణ పలుచబడును. గడువు పదునొకండు నెలలా, మూడేండ్లా అని సంతకమునకు ముందే చూచుకొనుడు. పత్రము తమిళమున నుండిన, తమిళము చదువనేర్చిన మన పిల్లలు ప్రతి పంక్తిని తల్లిదండ్రులకు తెలుగున చదివి వినిపింపవలెను. బడిలో రెండు భాషలు నేర్చుచున్నందుకు ఇంతకన్న మంచి వినియోగ మేమున్నది?

ప్రక్కవాటావారి బాధయు అబద్ధము కాదు. రాత్రిపని చేసి వచ్చినవాడు పగలు నిద్రింపవలదా? ఉయ్యాలను ఉమ్మడి గోడకు దూరముగా కట్టుట, పెద్దపిల్లల పరుగులాటను పెరటికి మరల్చుట మన చేతిలోని పనులు. "బిడ్డకు జ్వరము, రెండు దినములు ఓర్చుకొనుడు" అని ముందుగా నొక మాట చెప్పిన చాలు, అనేక తగవులు పుట్టకమునుపే అణగును.

అయినను యజమాని పట్టు విడువక నీరో, విద్యుత్తో నిలిపివేసినచో భయపడి వెడలిపోవలదు. అట్లు నిలుపుట చట్టవిరుద్ధము. అద్దె అధికారికి దరఖాస్తు పెట్టవచ్చును. బలవంతముగా బయటికి నెట్టినచో, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టము క్రింద ఆరు నెలలలోపల దావా వేయవచ్చును. వకీలు ఫీజుకు వెఱచు తల్లులు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవలెను. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకును పిల్లలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము లభించును. పోవునపుడు అద్దె రసీదులు వెంట తీసికొనిపోవుడు.