చక్రాల స్పేసర్లు: మేలెంత, కీడెంత?



ఈ నెల మన శీర్షికలో రక్తపుపోటు గురించి వ్రాస్తామని పోయిన సంచికలో మాట ఇచ్చాము. ఆ మాట తప్పుతున్నందుకు క్షమించాలి. మూడు వారాల క్రిందట మా ఇంట్లో జరిగిన ఒక సంగతి ముందు చెప్పకపోతే మనసు ఊరుకునేటట్టు లేదు. మన సభ్యుల ఇళ్ళలో కారు నడిపే వయసుకు వచ్చిన పిల్లలూ, ఇండియా నుంచి చదువుకు వచ్చిన తమ్ముళ్ళూ మేనల్లుళ్ళూ చాలామందే ఉన్నారు. వారిలో ఒకరిద్దరికైనా ఈ సరదా ఈపాటికి పట్టే ఉంటుంది. కనుక బి.పి. సంగతి వచ్చే నెలకు వాయిదా.

మా అక్కయ్య కొడుకు మాకు గంట దూరంలో ఎం.ఎస్. చదువుతున్నాడు. శని, ఆదివారాలు భోజనం, పడక మా ఇంట్లోనే. పోయిన వేసవిలో ఒక పాత హోండా సివిక్ కొనుక్కున్నాడు. కుర్రవాడు బుద్ధిమంతుడు. ఒక్క కారు దగ్గరే కాస్త మోజు. ఒక శనివారం వచ్చీ రాగానే "మామయ్యా, ఒక్కసారి బయటికి వచ్చి చూడు" అన్నాడు. వెళ్ళి చూశాము. కారు అదే గాని నిలబడిన తీరు మారింది. ఇదివరకు లోపలికి ఒదిగి ఉండే చక్రాలు ఇప్పుడు ఫెండరు అంచుదాకా వచ్చాయి. ఛాతీ విరుచుకున్న పహిల్వానులా ఉంది బండి. "బాగుందిరా!" అన్నాము. ఏం చేశావు, ఎవరు బిగించారు అని మాత్రం అడగలేదు. మా తాతగారు ఎడ్లబండి కట్టినప్పుడు ఇరుసు చివర సీల ఉందో లేదో చేత్తో తడిమి చూడనిదే మమ్మల్ని ఎక్కనిచ్చేవారు కాదు. ఆ పాఠం మరిచిపోయిన తప్పు మాది.

రెండు వారాలు గడిచాయి. ఆదివారం ఉదయం పిల్లలను తెలుగు బడికి తీసుకువెళ్ళాలి. మా కారు రిపేరులో ఉంది. "నేను దింపుతాను, పదండి" అన్నాడు మేనల్లుడు. వెనుక సీటులో మా పాప, బాబు. ముందు సీటులో మేము. ఊరి వీధుల్లో ఏమీ తెలియలేదు. ఫ్రీవే ఎక్కి 45 మైళ్ళ వేగం దాటగానే స్టీరింగు సన్నగా వణకడం మొదలుపెట్టింది. 60కి వచ్చేసరికి ఆ వణుకు సీట్లలోకి దిగింది. "రోడ్డు అలా ఉంది మామయ్యా" అన్నాడు. రోడ్డు మారింది, వణుకు మారలేదు. కుడివైపు ముందు నుంచి టకటకమని ఒక చప్పుడు కూడా తోడైంది. "ఒరేయ్, వచ్చే ఎగ్జిట్టులో దిగిపో" అన్నాము. మా గొంతులో వాడికి ఏం వినిపించిందో గాని మారుమాట లేకుండా దిగాడు.

గ్యాస్ స్టేషను ఆవరణలో ఆపి చూస్తే, కుడి ముందు చక్రానికి ఉన్న ఐదు నట్లలో రెండు ఒట్టి వేళ్ళతోనే తిరిగాయి. మూడవది వాటి బాటలోనే ఉంది. పిల్లలను దింపి లోపల కూర్చోబెట్టాము. "బావా, కారుకు చలిజ్వరం వచ్చిందా?" అని అడిగింది పాప. నవ్వవలసిన మాటే, నవ్వలేకపోయాము. 60 మైళ్ళ వేగంలో చక్రం ఊడితే ఏమవుతుందో ఎమర్జెన్సీ గదిలో పని చేసిన వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఊడిన చక్రం అక్కడే పడి ఉండదు. అదే వేగంతో దొర్లుకుంటూ పోయి, ఏ పాపమూ ఎరుగని ఎదుటివారి కారు మీద పడవచ్చు.

కారు టో ట్రక్కు మీద మా ఇంటికి చేరింది. "ఆ బిళ్ళలు తీసి చెత్తలో పారేయించండి" అంది మా శ్రీమతి. మా నోటిదాకా వచ్చిందీ అదే మాట. కాని ఇంజనీరింగు చదివే కుర్రవాడికి ఊరికే "వద్దు" అని చెబితే మన ముందు తీసి మన వెనుక పెట్టుకుంటాడు. స్కూటరు సైలెన్సరు విషయంలో మా నాన్నగారికి మేము చేసిందీ అదే. కనుక "ఎందుకు ఊడబోయిందో నువ్వే మాకు విప్పి చూపించు" అన్నాము. మర్నాడు సెలవు పెట్టి ఇద్దరం గరాజులో కూర్చున్నాము.

స్పేసరు అంటే తెలియని వారికి నాలుగు మాటలు. అప్పడమంత వెడల్పున ఉండే లోహపు బిళ్ళ అది. ఎక్కువగా అల్యూమినియంతో చేస్తారు. హబ్బుకూ చక్రానికీ మధ్య పెడితే, బిళ్ళ ఎంత మందమో చక్రం అంత బయటికి జరుగుతుంది. 3 మిల్లీమీటర్ల నుంచి 50 మిల్లీమీటర్ల దాకా దొరుకుతాయి. వీటిలో రెండు రకాలు. మొదటిది ఒట్టి బిళ్ళ. హబ్బుకు ఉన్న స్టడ్లే దాని కన్నాల్లోంచి బయటికి వస్తాయి, చక్రం నట్లు వాటికే బిగించాలి. రెండవది మందమైనది. దాన్ని ముందు హబ్బుకు నట్లతో బిగించి, దానికే ఉన్న వేరే స్టడ్లకు చక్రాన్ని బిగిస్తారు.

మావాడు పెట్టినవి 10 మి.మీ. ఒట్టి బిళ్ళలు. స్టడ్లు మాత్రం పాతవే. అక్కడే ఉంది రోగం. సివిక్ స్టడ్డు లావు 12 మి.మీ., మరకు మరకు మధ్య దూరం ఒకటిన్నర మి.మీ. స్టడ్డు ఎంత లావో కనీసం అంత పొడవున నట్టు మరలు పట్టుకోవాలన్నది మెకానిక్కులు పాటించే లెక్క. అంటే నట్టు కనీసం 8 చుట్లు తిరగాలి. బిళ్ళ ఉండగా ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టమన్నాము. నాలుగు చుట్లు తిరిగి, ఐదవది పూర్తి కాకుండానే ఆగిపోయింది. బిళ్ళ తీసి లెక్కపెడితే పదకొండు. కుర్రవాడి ముఖం వాడిపోయింది. మేము ఒక్క మాట కూడా అనలేదు.

ఇంకొకటి బయటపడింది. కారు బరువును స్టడ్లే మోస్తున్నాయని మేము ఇన్నాళ్ళూ అనుకున్నాము. అది సరికాదట. నట్ల బిగువు చక్రాన్ని హబ్బుకు అదిమి పెడుతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని జారకుండా పట్టి ఉంచుతుంది. మధ్యలో తుప్పు గాని, మట్టి గాని ఉంటే, నడిచిన కొద్దీ అది నలిగి అణిగిపోతుంది, బిగువు సడలుతుంది. మావాడు హబ్బు మీది తుప్పును గీకకుండానే బిళ్ళ పెట్టేశాడు. పైగా ఆ బిళ్ళ నడిమి కన్నం హబ్బు మీద సరిగ్గా కూర్చోదు, కాస్త వదులు. చక్రం నడిమికి రాకపోతే వణుకు రాక ఏం చేస్తుంది?

ఇంతవరకు కీడు చెప్పాము. మేలు కూడా చెప్పకపోతే న్యాయం కాదు.

స్పేసరుకు సరైన అవసరాలు ఉన్నాయి. పెద్ద బ్రేకులు వేయించుకున్న వారికి కాలిపరు చక్రానికి తగలవచ్చు. మంచుకాలానికి వేరే చక్రాలు కొన్నవారికి టైరు లోపలి వైపు సస్పెన్షనుకు రాసుకోవచ్చు. అలాంటప్పుడు సరిపడే చక్రం దొరకకపోతే సరైన కొలత బిళ్ళ పనికివస్తుంది. పోర్షె కంపెనీ కొన్ని 911 మోడళ్ళకు తానే స్పేసర్లు ఇచ్చింది. కనుక వస్తువే చెడ్డదని అనలేము. ఇక అందం సంగతి: నిజంగానే బాగుంటుంది. మొదటిరోజు మెచ్చుకున్నది మేమే కదా.

మలుపుల్లో బండి మరింత నిలకడగా ఉంటుందని మావాడి మూడవ వాదన. దాన్నీ లెక్క కట్టాము. సివిక్ రెండు చక్రాల నడుమ దూరం సుమారు 1,540 మి.మీ. చెరొక 10 మి.మీ. చేర్చితే పెరిగింది 20 మి.మీ., అంటే నూటికి 1.3 పాళ్ళు. మలుపులో లోపలి చక్రం నుంచి బయటి చక్రం మీదికి పోయే బరువు తగ్గేదీ దాదాపు అంతే. అరిగిన టైర్లు మార్చితే వచ్చే మేలు ముందు ఇది ఏపాటి?

దానికి ఎదురుగా ఇచ్చుకునే మూల్యం చూడండి. చక్రం బయటికి జరిగిన కొద్దీ బేరింగు మీద మీటవేత పెరుగుతుంది, అది త్వరగా అరుగుతుంది. ముందు చక్రాలు జరిగితే గుంటలో పడ్డప్పుడు, ఒకవైపు మంచు ఉన్న రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు, స్టీరింగు చేతిని గుంజుతుంది. టైరు ఫెండరుకు తగలవచ్చు. శీతాకాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు వల్ల అల్యూమినియం బిళ్ళ ఉక్కు హబ్బుకు అతుక్కుపోయి ఊడిరాదు. బోల్టులతో బిగించే రకంలో లోపలి నట్లు చక్రం వెనుక దాగి ఉంటాయి. చక్రం తీస్తే తప్ప వదులైనదీ లేనిదీ తెలియదు.

చట్టం మాట కూడా ఒకటి. అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో నిబంధన. మీ రాష్ట్రంలో అడిగి తెలుసుకోండి, ఇన్సూరెన్సు వారికీ చెప్పండి. జర్మనీలో ధ్రువపత్రం లేని స్పేసర్లకు రోడ్డు మీద అనుమతి లేదు. ఇండియా నుంచి "వచ్చేటప్పుడు ఒక సెట్టు పట్టుకురా" అని అడిగే బావమరుదులు ఉంటే, తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పిన సంగతి వారికి గుర్తు చేయండి. పెట్టెలో ఆ బరువుకు బదులు ఇంకేదైనా పట్టుకుపోవచ్చు.

మందు చీటీ వ్రాసే ముందు మేము మూడు ప్రశ్నలు వేసుకుంటాము. రోగికి ఇది నిజంగా అవసరమా? మోతాదు ఎంత? వికటిస్తే ముందుగా కనిపించే లక్షణం ఏది? స్పేసరుకూ అవే ప్రశ్నలు. చక్రం ఎక్కడా తగలకపోతే అవసరం లేదు. అవసరమైతే అడ్డం తొలగేటంత మందమే చాలు, ఒకదాని మీద ఒకటి పేర్చడం ఎన్నడూ తగదు. హబ్బు మీద సరిగ్గా కూర్చునే బిళ్ళనే ఎంచి, తగినంత పొడవు స్టడ్లు వేయించి, పని తెలిసిన మెకానిక్కు చేత బిగింపించాలి. వణుకు, చప్పుడు వికటించిన లక్షణాలు. అవి కనిపించిన చోటే బండి ఆపాలి.

స్పేసర్లు లేని వారికీ పనికివచ్చే మాట ఒకటి ఉంది. మంచుకాలం ముందూ తరువాతా మనమంతా టైర్లు మారుస్తాము. నట్లను టార్కు రెంచితో, నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా బిగించాలి. సివిక్కుకు 80 అడుగు-పౌన్లు. మీ కారుకు ఎంతో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బండి ఇరుసుకు కందెన పెట్టినట్టు ఈ స్టడ్లకు నూనె పూయకండి. అదే టార్కుకు బిగువు మితిమీరి స్టడ్డు సాగిపోతుంది. 50 నుంచి 100 మైళ్ళు నడిచాక మరొకసారి బిగువు చూసుకోవాలి. ఈ చివరి పని మేము ఏనాడూ చేయలేదు. మీలోనూ చాలామంది చేసి ఉండరు.

సాయంత్రానికి మావాడు నాలుగు చక్రాల బిళ్ళలూ తానే విప్పాడు. మేము విప్పమని అనలేదు. మరలు నలిగిన ఐదు స్టడ్లనూ మెకానిక్కు మార్చాడు. "నేను ఒక్కడినే తిరిగినన్నాళ్ళూ ఏమీ అనిపించలేదు మామయ్యా. వెనుక సీటులో పిల్లలున్నారని దిగాకే గుర్తొచ్చింది" అన్నాడు ఆ రాత్రి అన్నం తింటూ. మాకూ అప్పుడే గుర్తొచ్చిందని చెప్పాము. ఇప్పుడు వాడు మంచు టైర్లకు డబ్బు కూడబెడుతున్నాడు.

మీ ఇంటి ముందు నిలిచిన కుర్రవాళ్ళ కారు ఈ ఆదివారం ఒకసారి చూడండి. చక్రాలు మామూలు కంటే బయటికి వచ్చి ఉంటే కోప్పడవద్దు. రెంచి ఒకటి తీసుకుని పక్కన కూర్చోండి, చుట్లు లెక్కపెట్టమనండి. వచ్చే నెల తప్పకుండా రక్తపుపోటు.